ల్యాబ్ లేని ల్యాబ్ గురించి అమ్మలుకు

2020 ఆగస్టు

అమ్మలూ,

నిన్న నీ గొంతు వింటే బెంగగా అనిపించింది. కరోనాతో కాలేజీ మూతపడి పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పడం అలవాటైపోయింది గానీ, ఇప్పుడు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ కూడా అలాగే నడపమంటున్నారని, ఏం చెయ్యాలో తోచడం లేదని అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మాటలు జారిపోతాయని రాస్తున్నాను. ఉద్యోగమంతా కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే గడిపినదాన్ని, నాకు తెలిసింది నీకు కాకపోతే ఇంకెవరికి చెబుతాను?

ముందు నీ స్టూడెంట్స్ ఎక్కడ కూర్చుని వింటున్నారో కనుక్కో. చాలా ఇళ్లలో ఒక్కటే స్మార్ట్‌ఫోన్. అదీ నాన్న పొలం నుంచి వచ్చాక గానీ పిల్ల చేతికి రాదు. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, ఇంట్లో ఇద్దరికి క్లాసులుంటే మధ్యాహ్నానికే అయిపోతుంది. గంటసేపు లైవ్ పెడితే సగంమందికి అందదు. పది నిమిషాలు దాటని వీడియో తీసి, సైజు తగ్గించి వాట్సాప్‌లో పెట్టు. సిగ్నల్ దొరికినప్పుడు దించుకుంటారు. వైవాకు, అదే నోటి పరీక్షకు, మామూలు ఫోన్ కాల్ చాలు.

సిమ్యులేషన్లు, అంటే తెర మీద నడిచే నమూనా ప్రయోగాలు, వద్దని నేను అనను. ఐఐటీ ఢిల్లీ, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు కలిసి చేసిన వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి, ఉచితం. నోబెల్ అందుకున్న మరుసటి ఏడు, 2002లో, కార్ల్ వీమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ కూడా మంచిది. కొన్నిటిని ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం ల్యాబ్‌లో నేనెలా చూపిస్తాను? అది చూపిస్తుంది. అలాంటి చోట హాయిగా వాడుకో.

కానీ ప్రయోగమంటే అదొక్కటే అని మాత్రం ఒప్పుకోకు. తెర మీద బటన్ నొక్కితే బ్యూరెట్, అంటే కొలత గీతలున్న పొడవాటి గొట్టం, తెరుచుకుంటుంది, ఎన్ని ఎంఎల్ పడిందో పక్కనే అంకె వస్తుంది, అందరికీ దాదాపు ఒకే జవాబు. మా ల్యాబ్‌లో టైట్రేషన్, అంటే ఆసిడ్‌లో క్షారాన్ని కొద్దికొద్దిగా కలిపి ఎంత పట్టిందో కొలవడం, అలా ఉండేది కాదు. ఎడమ చేత్తో బ్యూరెట్ కింది చిన్న కుళాయి, స్టాప్‌కాక్, కుడి చేత్తో ఫ్లాస్క్. ఫ్లాస్క్‌లో వేసిన ఫినాఫ్తలీన్‌కు (క్షారం తగిలితే రంగు మారే సూచిక) గులాబీ రంగు వచ్చి, తిప్పగానే పోతుంది. ఇంకాసేపటికి పోవడానికి ఆలస్యం చేస్తుంది. అక్కడి నుంచి ఒక్కొక్క చుక్కే. చుక్కంటే ఇంచుమించు 0.05 ఎంఎల్. ఒక చుక్క ఎక్కువైతే లేత గులాబీ కాస్తా ముదురు రంగైపోయి, పిల్ల ముఖం చిన్నబోయేది. మళ్లీ మొదలుపెట్టేది. రెండు రీడింగులు ఎందుకు కలవలేదని తనలో తాను వెతుక్కునేది. అమ్మలూ, ల్యాబ్‌లో మేం నేర్పింది ఆ వెతుకులాటే. అది పోకుండా చూసుకుంటే మిగతాది ఎలా నడిపినా ఫర్వాలేదు.

నీకు ఫిజిక్స్ కాబట్టి నాకంటే సులువు. దారానికి బరువు కట్టి ఊపే లఘు లోలకంతో మొదలుపెట్టు. దారం, తాళం కప్ప, దర్జీ టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఇవి లేని ఇల్లుండదు. మీటరు పొడవుకు 20 డోలనాలకు, అంటే ఇరవైసార్లు అటు వెళ్లి తిరిగి రావడానికి, 40 సెకన్లు పట్టాలి కదా. వదలగానే సున్నా అనకుండా ఒకటి అని లెక్క మొదలుపెట్టే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకు 38 సెకన్లే వస్తుంది, దాంతో లెక్కగట్టే జీ విలువ (గురుత్వ త్వరణం, అసలు 9.8 రావాలి) 10.9 దాకా పోతుంది. పొడవును తాళం మధ్య దాకా కాకుండా ముడి దాకానే కొలిచి మూడు సెంటీమీటర్లు తగ్గించారనుకో, 9.5 వస్తుంది. తప్పని కొట్టెయ్యకు. ఎందుకొచ్చిందో రాయమను, సగం మార్కులు దానికే వెయ్యి. అందరి రికార్డుల్లోనూ 9.8 ఉంటే ఎవరూ దారం కట్టలేదన్నమాట!

జర్మనీలో ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉంది, ఫోన్‌లోని సెన్సర్లతో కొలతలు తీస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాకపోతే లోలకానికి అది జైరోస్కోప్ (ఫోన్ తిరగడాన్ని పట్టే సెన్సర్) అడుగుతుంది, చవక ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. అందుకని తప్పనిసరి చెయ్యకు, ఉన్నవాళ్లు చేసి మిగతావాళ్లకు చూపిస్తారు.

మీ కెమిస్ట్రీ మేడమ్‌కు మాత్రం నా మాటగా ఒకటి చెప్పు. ఇంట్లో ఆసిడ్‌తో ఏ ప్రయోగమూ ఇవ్వొద్దు. బాత్రూమ్ ఆసిడ్ బ్లీచింగ్ పౌడర్‌లో పడితే క్లోరిన్ వస్తుంది, పక్కన టీచర్ ఉండదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండదు. ఏది ఆమ్లమో ఏది క్షారమో రంగు మార్పు చూసి తెలుసుకోవడానికి పసుపు, మందార పూల రసం, నిమ్మకాయ, సున్నపు తేట చాలు. సున్నపు తేట కూడా కళ్లలో పడకూడదు, ఆ మాట ప్రతిసారీ చెప్పాలి.

ఇంకొకటి, ఇది నువ్వే ప్రిన్సిపాల్ గారితో గట్టిగా మాట్లాడాలి. కాలేజీ తెరిచిన రోజు సిలబస్ వెనకబడిందని మళ్లీ థియరీకి పరిగెత్తకండి. బ్యాచుల వారీగా ముందు ల్యాబ్‌కే పిలవండి. వెర్నియర్, స్క్రూ గేజ్, మీటర్ బ్రిడ్జ్ లాంటి కొలత పరికరాలు వాళ్ల చేతుల్లో పెట్టండి. ఫైనల్ ఇయర్ వాళ్లకు మళ్లీ ఆ అవకాశం రాదు. ఒక్కసారైనా గాల్వనోమీటర్ (చిన్నపాటి కరెంటును చూపే పరికరం) ముట్టకుండా బీఎస్సీ పట్టా తీసుకుని వెళ్తే, రేపు వాళ్లు బడిలో పిల్లలకు ఏం చూపిస్తారు?

నువ్వు పడే కష్టం నాకు అర్థమవుతోంది తల్లీ. రాత్రి ఒంటిగంట దాకా వీడియోలు ఎడిట్ చేస్తున్నావట, అల్లుడు చెప్పాడు. నీట్‌గా రాకపోయినా ఫర్వాలేదు, నీ గొంతు స్పష్టంగా వినిపిస్తే చాలు. వేళకు తిను, పడుకో. లోలకం రీడింగులు రాగానే ఓ నాలుగు నాకు పంపు, లెక్క కుదరనివే పంపు. మీ నాన్నగారు అప్పుడే దారం, తాళం పట్టుకుని కూర్చున్నారు.

ప్రేమతో,
అమ్మ