మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: స్టేషన్ రోడ్డు, పార్కింగ్, మన గల్లీలు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది సంఘం టైమ్ దాదాపు అంతా పార్కింగ్ మీదనే పోయింది కాబట్టి మిగతావి ముందుగాల చెప్పేస్తా. చీకటిగ ఉండే గల్లీలల్ల కొత్త లైట్లు పెట్టించినం, వానాకాలమంతా దోమల మందు కొట్టించినం, బతుకమ్మ మంచిగ అయింది, లెక్కలు ఆడిట్ చేయించి సంఘం ఆఫీసుల పెట్టినం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఇగ అసలు సంగతి. సికింద్రాబాద్ నుంచి మన మహబూబ్‌నగర్ దాకా డబుల్ లైన్, కరెంటు లైన్ పని 2023 ఏప్రిల్‌ల అయిపోయింది, అదే ఏడాది సెప్టెంబర్‌ల కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ మొదలై మన కాడ కూడ ఆగుతున్నది, డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడవాళ్లకు ఫ్రీ అయింది. మంచిదే, మనందరికీ కావాల్సిందే. కానీ స్టేషన్‌కు, బస్టాండ్‌కు వచ్చే జనం పెరిగిండ్రు, వాళ్లు నడిచే జాగ మాత్రం తగ్గింది.

స్టేషన్ రోడ్డు నుంచి మన మొదటి గల్లీల మలిగే కాడ మోరీ మీద షాబాద్ బండలు పరిచి ఉన్నయి కదా, అవి మనుషులు నడవనీకి వేసినవి. పొద్దుగాల ఆరున్నరకే వాటి మీద బైకులు వరుసగ స్టాండ్ వేసి ఉంటయి, రాత్రి రైలు దిగి వచ్చేదాక కదలవు. కార్లు ఎక్కించి ఎక్కించి బండలు విరిగినయి, మోరీ బయటపడ్డది. పిల్లను చంకనేసుకొని, సంచి పట్టుకొని బస్సుకు ఉరికే ఆడమనిషి రోడ్డు మీదికి దిగి లారీల పక్కపొంటి నడవాలె. ఇది చూసినంకనే కార్యవర్గం పార్కింగ్ విషయం చేతుల పట్టుకున్నది.

ముందుగాల ఎవరి బండ్లు ఎప్పుడు ఉంటున్నయో తెలుసుకుందామని మన పిలగాండ్లు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గల్లీ గల్లీ తిరిగి నంబర్లు రాసుకున్నరు, వాళ్లకు పేరుపేరునా థ్యాంక్స్. పగటి పూట ఉండేవి ఎక్కువ శాతం హైదరాబాద్‌కు డ్యూటీకి పోయేటోళ్లవి, స్టాండ్ పైసలు మిగులుతయని మన ఇండ్ల ముందర పెట్టిపోతున్నరు. రాత్రి మాత్రం వేరే, అప్పుడుండే కార్లు మన అపార్ట్‌మెంట్లవే. పార్కింగ్ అని పర్మిషన్ తీసుకున్న సెల్లార్లు కొన్ని గోదాములైనయి, కొన్నిట్ల షట్టర్లు పెట్టి షాపులకు కిరాయికిచ్చిండ్రు, కార్లు రోడ్డు మీదికి వచ్చినయి. బయటోళ్లను అనే ముందు ఇది కూడ మాట్లాడుకోవాలె అని కార్యవర్గం అభిప్రాయం, కొందరికి కోపం వచ్చినా సరే.

గల్లీ మొదట్ల గేటు పెట్టి గొలుసు వేద్దామని చానామంది అడిగిండ్రు. మేం ఒప్పుకోలే. అది పబ్లిక్ రోడ్డు, అంబులెన్స్ రావాలె, ఫైర్ ఇంజన్ రావాలె, పైగా మనం గొలుసేస్తే ఆ బండ్లు పోయి పక్క కాలనీల నిలబడతయి, అంతే తేడా. దానికి బదులు ట్రాఫిక్ పోలీసులను అడిగి రెండు గల్లీలల్ల సరి తేదీల ఒక దిక్కు, బేసి తేదీల ఇంకో దిక్కు అని పెట్టి చూసినం. మొదట్ల గొడవలైనయి గానీ ఇప్పుడు చెత్త బండి లోపలి దాక వస్తున్నది.

2025 జనవరిల మన మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది, ఇగ స్టేషన్ చుట్టుపక్కల కట్టుడు ఇంకా పెరుగుతది, అందుకనే వినతిపత్రం ఇప్పుడే రాసినం. 2006ల కేంద్రం తెచ్చిన పట్టణ రవాణా విధానంలనే ఉన్నది, పార్కింగ్ ఫీజు ఆ జాగ విలువను బట్టి ఉండాలె అని. స్టేషన్ ముందర గజం ధర ఎంత ఉన్నదో మనకు తెల్వనిది కాదు, అక్కడ పొద్దంతా ఫ్రీగ ఒక కారు నిలబడితే ఆ ఖర్చు నడిచేటోళ్లు, ఆటోవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు మోస్తున్నట్టు. అందుకే స్టేషన్ రోడ్డు మీద గంటల లెక్కన ఫీజు పెట్టమని అడిగినం, వచ్చిన పైసలు అదే రోడ్డు ఫుట్‌పాత్‌కు, లైట్లకే పెట్టాలె అని కూడ రాసినం. అమెరికాల పాసడీనా అనే ఊర్ల పాత బజార్ల 1993ల మీటర్లు పెట్టి ఆ పైసలతోనే అక్కడి ఫుట్‌పాత్‌లు బాగుచేసిండ్రు, షాపులవాళ్లు ముందు వద్దన్నోళ్లే తర్వాత ఒప్పుకున్నరు. రోజూ రైలెక్కేటోళ్లకు స్టేషన్ స్టాండ్‌ల తక్కువ రేటుకు నెల పాస్ ఇయ్యాలె అని రైల్వేకు వేరే లెటర్ పెట్టినం, ఎందుకంటే వాళ్లకు దారి చూపకుండ తరిమితే ఫాయిదా లేదు.

సభ్యులల్ల ఎక్కువ వాదన జరిగింది ఇంకొక దాని మీద. స్టేషన్ కాడ కట్టే కొత్త అపార్ట్‌మెంట్లకు పార్కింగ్ ఇంకా పెంచాలె అని కొందరన్నరు. నాకైతే అది ఉల్టా అనిపిస్తది. స్టేషన్ల చుట్టూ ఊరు ఎట్ల కట్టాలె అని కేంద్రం 2017ల తెచ్చిన పాలసీ ప్రకారం స్టేషన్ నుంచి 500–800 మీటర్ల లోపల, అంటే నడిచి పోయే దూరంల, ఇండ్లు ఎక్కువ రావాలె, పార్కింగ్ తగ్గాలె. కాలిఫోర్నియాల 2022ల చట్టం చేసి పెద్ద ట్రాన్సిట్ స్టాప్‌కు (రైళ్లు, బస్సులు బాగ తిరిగే స్టాప్‌కు) అర మైలు లోపల పార్కింగ్ కట్టే తీరాలె అనే రూల్ చానావరకు తీసేసిండ్రు. సెల్లార్ తవ్వనీకి అయ్యే ఖర్చు చివరికి కిరాయిలనే కలుస్తది, కారు లేని దవాఖాన నర్సు, కోచింగ్‌కు పోయే పిలగాడు కూడ అది కట్టాల్సి వస్తది. అయితే పార్కింగ్ తగ్గించి రోడ్డును ఫ్రీగ వదిలేస్తే మన గల్లీలు ఇంకా నిండుతయి, రెండూ కలిపే చేయాలె, అందుకే వినతిపత్రంల రెండూ ఒక్కకాడనే రాసినం. జపాన్‌ల 1962 నుంచి కారు కొనాలంటే పెట్టనీకి జాగ ఉన్నదని చూపించాలె, మన కాడ అసొంటి రూల్ లేదు, మనంతట మనం పాటించొచ్చు.

అధికారులు కాగితాలు తీసుకున్నరు, ఒకసారి వచ్చి రోడ్డు కొలిచిపోయిండ్రు, ఇంకా జవాబు రాలే, వెంటపడుతున్నం. మోరీ మీది విరిగిన బండలు మాత్రం సంఘం పైసలతో మార్పించినం, బండ్లు ఎక్కకుండ అడ్డంగ రాళ్లు పాతించినం.

వచ్చే సర్వసభ్య సమావేశంల ముందు సెల్లార్ల సంగతే తీసుకుంటం. షట్టర్లు ఉన్న అపార్ట్‌మెంట్ల ఓనర్లు తప్పకుండ రావాలె, కిరాయిదారులకు టైమ్ ఎంత కావాల్నో చెప్పాలె. చందా బాకీ ఉన్నోళ్లు ఆ రోజే కోశాధికారికి కట్టి రసీదు తీసుకోగలరు.

– కార్యదర్శి