పేజీ తెరుచుకోలేదు, పేరు మాత్రం బయటపడింది

సంపాదకుల వారికి,

నల్లగొండలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే వాడిగా ఈ లేఖ రాస్తున్నాను. నెట్ నెమ్మదించిందని విద్యార్థులు చెబితే మొన్న మా డీఎన్‌ఎస్ సర్వర్ (సైటు పేరు చెబితే దాని నెట్ చిరునామా వెతికిపెట్టేది) లాగ్, అంటే ఏ కంప్యూటర్ ఏ పేరు అడిగిందో రాసుకునే చిట్టా, తెరిచాను. యూట్యూబ్, పరీక్షా ఫలితాల సైట్ల నడుమ 56 అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఒక పేరు, దాని చివర ‘డాట్ ఆనియన్’, పక్కనే సమయం, పన్నెండో నంబరు కంప్యూటర్ చిరునామా కనిపించాయి. అక్కడ కూర్చున్న అబ్బాయిని అడిగితే, ఎవరు ఏం చూస్తున్నారో బయటపడకుండా దాచే టార్ నెట్‌వర్క్‌లో ఒక వార్తాసంస్థకున్న చిరునామాను మామూలు బ్రౌజర్‌లో పేస్ట్ చేశానని, పేజీ రాలేదు కనుక ఏమీ కాలేదనుకున్నానని చెప్పాడు.

మారువేషంలో ఊరు దాటాలనుకున్నవాడు బస్టాండు మైకులో ఫలానా వారి ఇంటికి దారెటని అడిగినట్టయింది. డాట్ ఆనియన్ పేర్లు డీఎన్‌ఎస్‌లో అసలుండవు. వాటి ఆచూకీ టార్ సాఫ్ట్‌వేరే తన నెట్‌వర్క్ లోపల కనుక్కుంటుంది. మామూలు బ్రౌజర్‌కు ఆ తేడా తెలియకపోతే పేరును ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌కు పంపుతుంది, అది ఒక్కోసారి డీఎన్‌ఎస్‌లో పైమెట్టు అయిన రూట్ సర్వర్ల దాకా పోతుంది. రూట్ సర్వర్‌కు కనబడేది కంపెనీ సర్వరే గానీ విద్యార్థి కాదు. కంపెనీ లాగ్‌లో మాత్రం మా కనెక్షన్ చిరునామా ఉంటుంది. సేవాసంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించిన సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

తప్పంతా వాడేవారిదే అనలేం. 2021లో బ్రేవ్ బ్రౌజర్‌లోని టార్ కిటికీ నుంచే, ప్రకటనలను అడ్డుకునే ఏర్పాటులోని లోపం వల్ల, ఈ పేర్లు మామూలు డీఎన్‌ఎస్‌కు పోయాయి; తర్వాత సరిచేశారు. టార్‌కు సంబంధం లేని సాఫ్ట్‌వేర్ ఈ పేర్లను వెతకకూడదని, డీఎన్‌ఎస్ సర్వర్లు ‘అలాంటి పేరు లేదు’ అని అక్కడికక్కడే బదులివ్వాలని ఆర్‌ఎఫ్‌సీ 7686 అనే ప్రమాణం 2015లోనే చెప్పింది. జిల్లాలో నెట్ కనెక్షన్లిచ్చే కేబుల్ ఆపరేటర్లు, కళాశాలలు దీన్ని పాటిస్తున్నాయో లేదో చూసుకోవాలని కోరుతున్నాను. దొంగపనులకే టార్ అనేవారుంటారు. ఇసుక దందా గురించి పత్రికకు రహస్యంగా చెప్పదలచిన మనిషికీ అదే దిక్కు.

మా సర్వర్‌లో ఒక్క వరుస చేర్చాక ఆ పేర్లు ల్యాబ్ గుమ్మం దాటడం లేదు. మా లాగ్‌లో మాత్రం ఇంకా పడుతున్నాయి. దాన్ని ఎవరెవరు చూడవచ్చో రాతపూర్వకంగా నిర్ణయించమని యాజమాన్యాన్ని అడిగాను. జవాబు రావలసి ఉంది.

ఇట్లు,
ఒక ల్యాబ్ నిర్వాహకుడు, నల్లగొండ