విశ్వావసు నామ సంవత్సర వార్షిక నివేదిక: బడి, బస్సు, సూపరింటెండెంట్ గారి ఒప్పందం

సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా న్యూజెర్సీలోని మన తెలుగు సంఘం చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను. పండుగల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. పంచాంగ శ్రవణం, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గుల పోటీ యథావిధిగా జరిగాయి, మీరంతా వచ్చి చూసినవే. శనివారం తెలుగు బడి ఒక్క వారం కూడా ఆగలేదు. అందుకు పంతులమ్మలకు ఎంత రుణపడినా తక్కువే. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంచుతారు.

ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒకే విషయానికి ఇస్తున్నాను. ఏడాది పొడవునా మన వంటిళ్లలో, గుడి మెట్ల మీద, పిల్లల క్రికెట్ మైదానం పక్కన నలిగిన మాట అదే: మన స్కూల్ డిస్ట్రిక్టు (ఊరి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) సూపరింటెండెంట్ గారి, అంటే ఆ బడులన్నిటి మీద పెద్ద అధికారి గారి, పనితీరు ఎలా ఉంది, ఆమెను కొనసాగించాలా వద్దా.

ఇండియా నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దలు చాలామంది ఈ పదవిని మన డీఈఓతో పోల్చి చూస్తున్నారు. పోలిక కొంతవరకే సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా జిల్లా విద్యాశాఖాధికారిని ప్రభుత్వం నియమిస్తుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. న్యూజెర్సీలో మన ఊరి లాంటి చోట్ల ఓటర్లు ఎన్నుకున్న స్కూల్ బోర్డు సూపరింటెండెంటును ఒప్పందం మీద తెచ్చుకుంటుంది. ఆ ఒప్పందం మూడేళ్లకు తగ్గకూడదు, అయిదేళ్లకు మించకూడదు. బోర్డు సభ్యులకు జీతం ఉండదు. పగలంతా తమ ఉద్యోగాలు చేసుకుని రాత్రి సమావేశాలకు వచ్చే ఇరుగుపొరుగువాళ్లే వాళ్లు. సూపరింటెండెంటును అడగవలసింది వాళ్లే, ఆమె జవాబు చెప్పవలసిందీ వాళ్లకే. ఈ సంగతి మనలో చాలామందికి ఇన్నాళ్లూ తెలియదు. బడి ఎంత బాగుందో చూసి ఇల్లు కొనుక్కున్నాం గాని, ఆ బడిని ఎవరు ఎలా నడుపుతున్నారో కనుక్కోలేదు.

గొడవ 2025 ఏప్రిల్‌లో బడ్జెట్‌తో మొదలైంది. డబ్బు చాలడం లేదని, బడికి దగ్గర్లో ఉన్న పిల్లలకు నడిపే కర్టెసీ బస్సులు ఆపేస్తున్నామని డిస్ట్రిక్టు ప్రకటించింది. అదే వారంలో, అయిదో తరగతిలో మొదలయ్యే వేగవంతమైన లెక్కల తరగతిని ఏడో తరగతికి జరుపుతున్నామని మరో ఉత్తరం వచ్చింది. రెండూ శుక్రవారం సాయంత్రం, వసంతకాలపు సెలవులకు ముందు, కారణాలేవీ సరిగ్గా చెప్పకుండా వచ్చాయి. సోమవారానికల్లా మన సభ్యుల ఫోన్లు వేడెక్కిపోయాయి.

బస్సుల విషయంలో ఒక నిజం చెప్పాలి. కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంటికీ బడికీ మధ్య దూరం రెండు మైళ్లు దాటితేనే, హైస్కూలు పిల్లలకు రెండున్నర మైళ్లు దాటితేనే బస్సు నడపాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. అంతకన్నా దగ్గర ఉన్నవాళ్లకు నడిపేది కర్టెసీ బస్సు. దాని ఖర్చు ఊరి నెత్తినే పడుతుంది. 2018లో వచ్చిన చట్టం రాష్ట్ర నిధుల పంపకాన్ని మార్చి, వాటాకు మించి అందుకుంటున్నాయని లెక్క తేల్చిన డిస్ట్రిక్టులకు 2024-25 దాకా ఏటేటా కోత పెట్టింది. వాటిలో మనదీ ఒకటి. పోనీ పన్ను పెంచుదామంటే, కొన్ని మినహాయింపులు పోను, ఆస్తి పన్ను వసూలును ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదని 2010 నాటి మరో చట్టం అడ్డుపడుతుంది. కాబట్టి డబ్బు లేకపోవడం సూపరింటెండెంట్ గారి తప్పు కాదు. ఈ మాట మే నెల సభలో అన్నందుకు కొందరు సభ్యులు నా మీద కోపగించుకున్నారు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

అయితే కాగితం మీద లెక్క వేరు, రోడ్డు మీద నడక వేరు. మన సభ్యులొకరి తండ్రి తెనాలి నుంచి ఆరు నెలల కోసం వచ్చారు. కొడుకూ కోడలూ ఏడింటికే ఆఫీసులకు వెళ్లిపోతే, రెండో తరగతి మనవణ్ణి బడికి తీసుకువెళ్లే పని ఆయన మీద పడింది. దూరం రెండు మైళ్లకు కాస్త తక్కువ. దారిలో సగం దూరం ఫుట్‌పాత్ లేదు. ఒక రోజు ఆయనతో పాటు నేనూ నడిచాను. కార్లు వచ్చే వైపు తాను ఉండి, పిల్లవాణ్ణి గడ్డి వైపు నడిపిస్తూ, ట్రక్కు వచ్చినప్పుడల్లా ఆగి వాడి భుజం పట్టుకునేవారు. బడి చేరేసరికి యాభై నిమిషాలు పట్టింది. వాడి బూట్లు గడ్డి మీది మంచుకు తడిసి బరువెక్కాయి. "మా ఊళ్లో నేను పొలం గట్ల మీద బడికి నడిచాను బాబూ, గట్టు మీద లారీలు రావు కదా" అన్నారాయన. రెండు మైళ్ల గీత గీసినవాళ్లు ఈ దారిన నడిచి చూసి ఉండరనిపించింది.

లెక్కల తరగతి విషయంలో మన సంఘమే రెండుగా చీలింది. దీన్ని దాచిపెట్టడం మంచిది కాదు. మే నెల మొదట్లో గుడి హాలులో పెట్టిన ఇష్టాగోష్ఠిలో ఒక తండ్రి లేచి, తాను గుంటూరులో ఎంసెట్ కోసం ఎంత కష్టపడ్డాడో చెప్పి, "నా కూతురికి ఆ వేగం అందుతుంది, ఆమెను ఎందుకు ఆపుతున్నారు?" అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఆయన కూర్చోగానే ఒక తల్లి తన చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి అందరికీ చూపించారు. కొడుకు ట్యూషన్ లెక్కల కాగితం అది. ఒక భిన్నం దగ్గర రబ్బరుతో చెరిపి చెరిపి చిల్లు పడింది. చిల్లు చుట్టూ కాగితం నలుపెక్కి ఉంది. "వాడు పదకొండు గంటలకు ఇలా చేస్తుంటే నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. ఆపమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎవరో పైనుంచి ఆపితే బాగుండునని ఉంది" అన్నారామె. ఆ కాగితం చేతులు మారుతూ వెనక వరుస దాకా వెళ్లింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మన రాష్ట్రంలో ఈ వాదన కొత్తది కాదు. ప్రిన్స్‌టన్ పక్కనున్న వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో డిస్ట్రిక్టులో 2015లో అప్పటి సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకు 16 పేజీల ఉత్తరం రాశారు. అంతకు ముందటి విద్యాసంవత్సరంలో 120 మంది విద్యార్థులను మానసిక ఆరోగ్య పరీక్షలకు పంపవలసి వచ్చిందని, 40 మంది ఆసుపత్రిలో చేరారని ఆ ఉత్తరంలో ఉంది. హైస్కూలులో మధ్యంతర, వార్షిక పరీక్షలను ఎత్తివేశారు. చిన్న తరగతుల్లో వేగవంతమైన లెక్కల తరగతిని వెనక్కి జరిపారు. అక్కడా ఊరు చీలింది. ఆసియా కుటుంబాల్లో చాలామంది వద్దన్నారు, తెల్లవారిలో ఎక్కువమంది మేలన్నారు. మా కార్యవర్గం ఈ ఉదంతాన్ని సభ్యుల ముందుంచడానికి కారణం ఒకటుంది. ఆ ఉత్తరంలో నచ్చని మాటలు ఎవరికైనా ఉండవచ్చు. కాని ఆయన తన నిర్ణయం వెనక ఉన్న అంకెలను, భయాలను 16 పేజీల్లో ఊరి ముందు పెట్టారు. మన సూపరింటెండెంట్ గారు ఒక పేజీ కూడా పెట్టలేదు. ఆమె నాయకత్వంలో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే. నిర్ణయం సరైనదే కావచ్చు. చెప్పిన తీరు తల్లిదండ్రులను లెక్కచేయనట్టు ఉంది.

ఆమె చేసిన మంచిని కూడా ఇక్కడ రాయకపోతే ఈ నివేదిక సగమే అవుతుంది. దీపావళికి సెలవు ఆమె హయాంలోనే వచ్చింది. ప్రతి మిడిల్ స్కూలులో కౌన్సెలర్ ఉన్నారంటే ఆమె పట్టుపట్టడం వల్లే. ఇంగ్లిష్ సరిగ్గా రాని తాతయ్యలు, అమ్మమ్మలు బడి ఆఫీసుకు వెళితే ఫోనులో తెలుగు అనువాదకులను కలిపే ఏర్పాటు కూడా ఆమె చేయించిందే.

మే నెలలో కొందరు సభ్యులు ఆమె ఒప్పందాన్ని పొడిగించవద్దని సంతకాలు సేకరించారు. బోర్డు సమావేశానికి హాలు నిండింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. బల్ల మీద ఆకుపచ్చ దీపం పసుపై, ఎరుపై ఆరిపోయేలోగా చెప్పవలసింది చెప్పాలి. మన అమ్మమ్మ ఒకరు తెలుగులోనే మాట్లాడారు. మనవరాలు పక్కన నిలబడి ఇంగ్లిష్‌లో చెప్పింది. ఎర్ర దీపం వెలిగినా బోర్డు అధ్యక్షురాలు ఆపకుండా ముగించనిచ్చారు. ఆ మర్యాదకు మనం కృతజ్ఞులం.

అందరి మాటలూ అయ్యాక బోర్డు న్యాయవాది లేచి చట్టం చదివారు. సూపరింటెండెంటును కొనసాగించడం బోర్డుకు ఇష్టం లేకపోతే, ఒప్పందంలో ఎన్నేళ్లుంటే ఏడాదికి 30 రోజుల చొప్పున ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేయకపోతే అంతే కాలానికి మళ్లీ నియమించినట్టే లెక్క. ఆమెది నాలుగేళ్ల ఒప్పందం, జూన్ 30తో ముగిసేది. అంటే 120 రోజుల ముందు, మార్చి మొదట్లోనే చెప్పాలి. మనం సంతకాలు పట్టుకుని వచ్చింది మే నెలలో. హాలులో ఎవరికీ మాట రాలేదు. గడువు దాటి రెండు నెలలైంది.

చాలామంది తమను మోసం చేశారన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఎవరూ ఏదీ దాచలేదు, మనం అడగలేదు. కాని బోర్డు తీరును కూడా సమర్థించలేను. ఒప్పందాన్ని మార్చాలన్నా ముందుగా పొడిగించాలన్నా 30 రోజుల ముందు ప్రకటన, బహిరంగ విచారణ తప్పనిసరి. మౌనంగా గడువు దాటనిస్తే మాత్రం, మన ఊళ్లో జరిగినట్టు, ఊరితో ఒక్క మాట అనకుండానే మరో నాలుగేళ్లు ఖాయమైపోతాయి. ఆ నాలుగేళ్ల మధ్యలో అసమర్థత, అనుచిత ప్రవర్తన లాంటి బలమైన కారణం ఉంటే తప్ప ఆమెను తొలగించడానికి వీల్లేదు. ఇంత పెద్ద నిర్ణయం ఎవరూ చెయ్యి ఎత్తకుండా జరిగిపోవడం నాకు బాధగా ఉంది.

ఆ తర్వాత కార్యవర్గం రెండు సార్లు కూర్చుంది. సంఘం తరఫున ఆమెకు వ్యతిరేకంగా తీర్మానం చేయాలని కొందరు, ఉగాదికి హైస్కూలు ఆడిటోరియం, తెలుగు బడికి గదులు అద్దెకిచ్చేది ఆ డిస్ట్రిక్టే కాబట్టి నోరు మెదపవద్దని కొందరు. రెండో మాట వినడానికే కష్టంగా ఉంది. గదుల కోసం పిల్లల గురించి మాట్లాడకుండా ఉంటే ఆ గదుల్లో తెలుగు నేర్పి ఏం లాభం? చివరికి, వ్యక్తిని ఉంచాలా తీయాలా అన్న దాని మీద సంఘం తీర్మానం చేయకూడదని, నిర్ణయాల మీద మాత్రం పేరు పెట్టి రాతపూర్వకంగా మాట్లాడాలని తేల్చుకున్నాం. మన గ్రూపులో ఆమె కుటుంబం గురించి ఒకరు రాసిన మాటలను అదే రోజు తీసివేశాం. మన ఇంటి ఆడపడుచు గురించి ఎవరైనా అలా రాస్తే సహించం కదా.

బోర్డుకు పంపిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగాం: ఫుట్‌పాత్ లేని దారులను ఎవరు కొలిచారు, లెక్కల తరగతి మార్పుకు ఆధారం ఏమిటి, ఇకపై నిర్ణయాలను తల్లిదండ్రులకు ఎంత ముందు తెలియజేస్తారు. జవాబు ఆగస్టులో వచ్చింది. డబ్బు కట్టి ఎక్కే బస్సును రెండు దారుల్లో నడుపుతామన్నారు. తెనాలి తాతగారి దారి అందులో ఉంది. ఆయన మాత్రం అప్పటికే తిరిగి వెళ్లిపోయారు. లెక్కల విషయం పరిశీలించే డిస్ట్రిక్టు కమిటీలో ఇద్దరు తల్లిదండ్రులకు చోటిచ్చారు. అదే నెలలో బోర్డు సూపరింటెండెంట్ గారికి ఏడాది లక్ష్యాలు నిర్ణయించినప్పుడు, కుటుంబాలతో ముందుగా మాట్లాడడం అన్నది వాటిలో చేరింది. సభ అయ్యాక ఆమె మా దగ్గరికి వచ్చి, ఏప్రిల్ ఉత్తరాలు మరోలా రాసి ఉండవలసిందని చెప్పారు. ఆ మాట సభలో అంటే ఇంకా బాగుండేది. అయినా అన్నందుకు గౌరవిస్తున్నాను.

నవంబరు 4న బోర్డు ఎన్నిక జరిగింది. మనది 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న, ఎన్నికల్లో పక్షం వహించకూడని సంస్థ కాబట్టి ఏ అభ్యర్థినీ బలపరచలేదు. పౌరసత్వం వచ్చిన సభ్యులకు అక్టోబరు 14 గడువులోగా ఓటు నమోదు చేయించాం. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు మనలో సగానికి పైనే. వాళ్లకు ఓటు లేదు. పన్ను కడతారు, పిల్లల్ని పంపుతారు, కాని ఓటు లేదు. బోర్డు సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడడానికి మాత్రం వీసా ఎవరూ అడగరు. వాళ్లు వీలైనంత ఎక్కువగా రావాలని నా మనవి.

రానున్న పరాభవ నామ సంవత్సరానికి పనులు ఇవి. ఏప్రిల్ చివర బడ్జెట్ విచారణకు నలుగురు సభ్యులు వెళతారు. సూపరింటెండెంట్ గారి వార్షిక మదింపును బోర్డు జూలై 1లోగా ముగించాలి. అది మూసిన తలుపుల వెనకే జరుగుతుంది కాబట్టి మన మాటలు మే నెలలోనే రాతపూర్వకంగా చేరాలి. ఆమె ప్రస్తుత ఒప్పందం 2029 జూన్ 30తో ముగుస్తుంది. 2029 జనవరి సమావేశపు అజెండాలో ఈ అంశం ఉండాలని కార్యవర్గ పుస్తకంలో ఇప్పుడే రాసి పెట్టాం. అప్పటికి మేము ఈ పదవుల్లో ఉండం, పుస్తకం ఉంటుంది.

బడ్జెట్ విచారణకు వెళ్లే కార్లలో ఇంకా చోటుంది. రాత్రిపూట కారు నడపలేని పెద్దలు నాకు ఫోను చేస్తే ఇంటి దగ్గరికే వచ్చి తీసుకువెళతాం.

మీ
కార్యదర్శి