గీతల కాగితం మీద ఉత్తరం

చి. సౌ. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మొన్నటి గాలివానకు పెరట్లో మునగచెట్టు పడిపోయింది. బుజ్జి వాళ్లు వచ్చి వెళ్లారు. ఇవన్నీ ఫోనులో చెప్పే సంగతులే, కావాలనే కాగితం మీద రాస్తున్నాను. నా చేతిరాత చిన్నదైందా, నాకు వాసనలు తెలుస్తున్నాయా, నిద్రలో కాళ్లు విసురుతున్నానా అని అమ్మను గుచ్చి గుచ్చి అడిగావట. అమ్మ పెద్దక్కకు చెప్పింది. పెద్దక్కకు చెబితే ఊరికి చెప్పినట్టే. చూసుకో, ప్రతి అక్షరం పై గీతకు ఆనుతోంది.

నువ్వు అమ్మ ఫోనుకు పంపిన వ్యాసం నేనూ చదివాను. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లూ, జర్మనీలో గోటింగెన్ వాళ్లూ 2024లో ప్రకటించినది. కలల్లో కాళ్లూ చేతులూ విసిరే జబ్బున్న 72 మందిని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో 16 మందికి పార్కిన్సన్స్, అంటే చేతులు వణికి ఒళ్లు బిగుసుకుపోయే నరాల జబ్బు, రాబోతోందని రక్తంలోని 8 ప్రోటీన్లను బట్టి ముందే కనిపెట్టారు, కొందరికి 7 ఏళ్ల ముందే. బాగానే ఉంది. కనిపెట్టి ఏం చేస్తారు? ముదరకుండా ఆపే మందు లేదు. దానికిచ్చే లెవోడోపా మాత్ర వేసుకున్నంత సేపు ఒళ్లు మాట వింటుంది, అంతే. పైగా ఆ పరీక్ష ఇంకా పరిశోధనలోనే ఉంది.

మీ తాతయ్య సంగతి నీకు సగమే తెలుసు. కొట్టు పద్దు పుస్తకంలో ‘కందిపప్పు’ అని రాస్తే వీధిలోంచి కనిపించేది. రెండేళ్లలో ఆ అక్షరాలు ఆవగింజలయ్యాయి. కాగితం ఆదా చేస్తున్నాడని నవ్వుకున్నాం. పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటే పాలు పొంగి మాడిపోయాయి, తల ఎత్తలేదు. ఒక రాత్రి ‘దొంగ, దొంగ’ అని అరుస్తూ నవారు మంచం మీద నుంచి పడ్డాడు. అవన్నీ ఒకే రోగానివని ఎవరికి తెలుసు? తరవాత చెయ్యి వణికింది. తక్కెడ ముల్లు నిలిచేది కాదు. తూకంలో మోసం చేస్తున్నాడని బజారులో అన్నారమ్మా. నలభై ఏళ్లు కొసరు వేసి పంపిన మనిషిని. వాతమని మేము తైలాలు రాస్తూ కూర్చున్నాం. ఆ పరీక్ష అప్పుడే ఉంటే తక్కెడ నేను పట్టుకునేవాణ్ణి.

సరే, ఆ మాట వదిలెయ్యి. నువ్వు రాత్రి పన్నెండింటి దాకా మేలుకుంటున్నావట. ముందు నీ ఒళ్లు చూసుకో. రోజూ గంట నడవాలి, చలిలో మఫ్లరు లేకుండా బయటికి వెళ్లకూడదు, అల్లుడు వండితే వంక పెట్టకుండా తినాలి. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?

సంక్రాంతికి వస్తావుగా. గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి అప్పుడు వెళదాం. నువ్వు పక్కన ఉంటేనే వస్తాను, అమ్మతో వెళితే దారంతా ఏడుస్తుంది.

గోంగూర పచ్చడి పార్సిలు వేశాం. ఇంగువ ఈమధ్య అంతా కల్తీ, డబ్బా మూత తీసినా వాసనే రాదు. మూడు కొట్లు మార్చాను. అమ్మ మాత్రం బాగానే ఉందంటోంది. నువ్వు తిని చూసి నాకే రాయి, అమ్మకు కాదు.

మీ నాన్న