ఆ రెండు గడులూ నిజంగా ఒకటేనా?

సంపాదకులకు,

ఆదివారం అనుబంధాల పిల్లల పేజీల్లో ఒక బొమ్మ తరచూ కనిపిస్తుంది. ముదురు నేపథ్యం మీద ఒక బూడిదరంగు గడి, లేత నేపథ్యం మీద ఇంకొకటి. మొదటిది లేతగా, రెండోది ముదురుగా కనిపిస్తాయి. ‘రెండూ ఒకటే రంగు’ అని కింద రాస్తారు. వాట్సాప్‌లో పది చేతులు మారిన జేపెగ్ (సమాచారం కొంత వదిలేసి ఫైలును చిన్నది చేసే పద్ధతి) అయితే ఆ మాట నిలబడదు, గడి అంచుల్లో వెలుగును చెప్పే అంకెలు (0 నలుపు, 255 తెలుపు) చెదిరిపోయి ఉంటాయి. దానికి తోడు డెస్కులో షార్పెన్ (అంచులను పదును చేసే మీట) నొక్కితే ముదురు నేపథ్యంలోని గడి అంచు ఇంకా లేతబడుతుంది, లేత నేపథ్యంలోది ముదురుతుంది. కన్ను చేయాల్సిన పొరపాటు సాఫ్ట్‌వేరే చేసిపెట్టాక ఇక భ్రమ ఎక్కడిది?

ఈ బొమ్మ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పది వరసల పని. అందులో అంకెల పట్టికల కోసం ఉన్న నంపైలో 400 అడ్డు, 800 నిలువు వరసల పట్టిక తీసుకుని ఎడమ సగం 60తో, కుడి సగం 200తో నింపాలి. అడ్డు వరసలు 150–250లో, నిలువు వరసలు 150–250, 550–650ల మధ్య 128 పెట్టి, అంకెలు చెదరని పీఎన్‌జీ ఫైలుగా సేవ్ చేయాలి. ఆ ఫైలునే మళ్లీ తెరిచి యునీక్ (ఏయే అంకెలున్నాయో చెప్పే ఆదేశం) వేస్తే మూడే అంకెలు రావాలి. నాలుగోది వచ్చిందంటే ఎవరో సైజు మార్చారు, లేదా మధ్యలో జేపెగ్ అయింది. బొమ్మలు చూపే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో గ్రే రంగుల పట్టీతో చూసేవాళ్లు వీమిన్ (నలుపు అంకె) 0, వీమ్యాక్స్ (తెలుపు అంకె) 255 ఇవ్వడం మరిచిపోతే అది 60ని కటిక నలుపుగా, 200ని పూర్తి తెలుపుగా సాగదీస్తుంది.

పరిశోధనకు ఇంతటితో సరిపోదు. 128 అంటే సగం వెలుగు కాదు. గామా (అంకెను తెర వెలుగుగా మార్చే లెక్క) 2.2 ఉన్న తెర మీద అది గరిష్ఠ వెలుగులో 22 శాతమే. సగం కావాలంటే 186 పెట్టాలి. తెరను వెలుగును కొలిచే ఫోటోమీటర్‌తో కొలవాలి, నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయాలి. కన్ను 57 సెం.మీ. దూరంలో ఉంటే తెర మీద 1 సెం.మీ. కంటి దగ్గర ఒక డిగ్రీ కోణం అవుతుంది. గడి కొలత పిక్సెళ్లలో కాదు, డిగ్రీల్లో రాయాలి.

1979లో మైకేల్ వైట్ అనే పరిశోధకుడు చూపిన నలుపు తెలుపు చారల బొమ్మను కూడా వేస్తే బాగుంటుంది. నిలువు నల్ల చారలో, వెడల్పుకు రెట్టింపు పొడవున్న బూడిద ముక్కకు ఎక్కువగా తగిలేది తెలుపే. అయినా అది లేతగానే కనిపిస్తుంది! ‘తెలుపు పక్కన ముదురు’ అనే సూత్రం ఇక్కడ బోర్లా పడుతుంది.

మొదటి బొమ్మ 8 సెం.మీ. వెడల్పున అచ్చయితే గడుల నడిమధ్యలు 4 సెం.మీ. ఎడంలో పడతాయి. అట్టముక్కకు అంతే ఎడంలో రెండు చిన్న చిల్లులు పొడిచి, నేపథ్యం కనపడకుండా గడులను మాత్రమే చూడమని, గీసుకోవాలంటే అంకెలు 60, 128, 200 అని బొమ్మ కింద వేయండి.

— దృష్టి పరిశోధన విద్యార్థి, హైదరాబాద్