గోంగూర అమ్మే గొంతును కాగితం మీదికి తేవాలని

ఏరా బావా,

జూరిక్ నుంచి నువ్వు పంపిన ఫోటో చూసి ఎంత సంబరపడ్డానో! స్పీగెల్‌గాసె 1వ నంబరు ఇల్లు! ఆ గుమ్మం ముందు నువ్వు నిలబడి ఉంటే నేనే వెళ్ళొచ్చినంత ఆనందమేసింది. "ఇక్కడేదో పాత కళాకారుల క్లబ్బు ఉండేదట, నీకు పనికొస్తుందేమోనని తీశాను" అని రాశావు. పనికిరావడం ఏమిట్రా, మా వీధి ఆకుకూరల మామ్మ కేకని అక్షరాల్లో చూపాలని రెండు నెలలుగా నేను చేస్తున్న పోస్టరు పుట్టిందే ఆ ఇంట్లో. ఫోన్లో చెబితే తేలిపోతుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

1916 ఫిబ్రవరి 5న కవి హ్యూగో బాల్, గాయని ఎమ్మీ హెన్నింగ్స్ అక్కడ కాబరే వోల్టేర్ మొదలుపెట్టారు. చుట్టూ మొదటి ప్రపంచ యుద్ధం. స్విట్జర్లాండ్ ఏ పక్షమూ చేరలేదు కాబట్టి, యుద్ధం వద్దనుకున్న కవులూ చిత్రకారులూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ చేరారు. అదే వీధిలో 14వ నంబరు ఇంట్లో ఆ రోజుల్లోనే లెనిన్ అద్దెకుండేవాడు, అక్కడిదాకా నడిచావో లేదో మరి. పెద్ద పెద్ద మాటలు చెప్పి కుర్రాళ్ళని కందకాల్లోకి తోశారని ఆ కాబరేలో చేరినవాళ్ళ కోపం. మాట మీదే నమ్మకం పోయింది. అందుకే బాల్ ఆ జూన్‌లో అట్టతో చేసిన గొట్టాల్లాంటి వేషం వేసుకుని వేదికెక్కి, అర్థం లేని ధ్వనుల్ని మంత్రం చదివినట్టు చదివాడు. వాటిలో 'కరవానె' అనేదాన్ని 1920లో బెర్లిన్‌లో అచ్చువేసినప్పుడు ఒక్కో పంక్తికి ఒక్కో రకం టైపు వాడారు. ఒకటి బొద్దుగా, ఇంకోటి సన్నగా, మరోటి పక్కకి వాలి. ఆ పేజీ చూస్తూ ఉంటే చాలు, గొంతు మారడం వినబడుతుంది. వీళ్ళ ఉద్యమం పేరే డాడా. డాడా అనగానే అందరూ గోల, అల్లరి అంటారు గానీ, నాకు మాత్రం వాళ్ళు అక్షరాన్ని చెవితో చూడటం నేర్పారు.

మొదట వాళ్ళ దారిలోనే వెళ్దామనుకున్నాను. వాళ్ళలో ఒకడైన కవి ట్రిస్టన్ జారా 1920లో కవిత రాయడానికి ఒక పద్ధతి చెప్పాడు. పేపర్లో ఒక వ్యాసం తీసుకుని, మాటలు కత్తిరించి, సంచీలో వేసి కుదిపి, ఏది చేతికొస్తే అది వరసగా పేర్చాలి. నేను మాటలు కాకుండా అక్షరాలే కత్తిరిద్దామని మన తెలుగు పేపరు ముందేసుకున్నాను. కత్తెర మొదటి నిమిషంలోనే ఆగిపోయింది. 'చుక్క' అన్న మాటని ఎక్కడ కోస్తావు చెప్పు? క కింద క వత్తు వేలాడుతోంది. విడిగా కోస్తే అది తలకట్టు లేని చిన్న ముక్క, నోటితో పలకలేం. కలిపి కోస్తే అందులో ఒక్క హల్లు కాదు, రెండు. రోమన్ లిపి వాళ్ళకి ఈ చిక్కే రాదు. వాళ్ళ అక్షరాలు పక్కపక్కన క్యూలో నిలబడతాయి. మనవి ఒకదాని నెత్తిన ఒకటి, ఒకదాని కాళ్ళ దగ్గర ఇంకొకటి.

ఇంకో సంగతి మరీ ఆశ్చర్యపరిచింది. డాడా కళాకారుడు రావుల్ హౌస్‌మన్ 1918లో బెర్లిన్‌లో పెద్ద పెద్ద అచ్చు అక్షరాల్ని వరసా క్రమం లేకుండా పేర్పించి పోస్టరు కవితలు వేయించాడు. ఎఫ్, ఎమ్, ఎస్, బి, డబ్ల్యూ, ఇలా మొదలవుతుంది ఒకటి. నోరు తిరగదు, గొంతులో రాళ్ళు పడ్డట్టుంటుంది. జర్మన్ కళాకారుడు కర్ట్ ష్విటర్స్ తన ధ్వని కవిత 'ఉర్‌సొనాటె'కి అంకురం అక్కడే తీసుకున్నాడు. సరే, మనమూ అలాగే చేద్దామని తెలుగు అక్షరాలు గుడ్డిగా తీశాను. 'గ మ త న ల' వచ్చింది. పైకి చదివి చూడు! ఏదో ఊరి పేరులాగో, పద్యంలో గణాల్లాగో హాయిగా జారిపోతోంది. మన ప్రతి హల్లులోనూ 'అ' దాక్కుని ఉంది కదరా. ఆ గరుకుతనం రావాలంటే ప్రతి దాని నెత్తినా పొల్లు పెట్టాలి. పెట్టి చూశాను. అరువు తెచ్చుకున్న కోపంలా ఉంది. చింపేశాను.

అప్పుడు ఆలోచించాను, మన దగ్గర నిజంగా ధ్వనిగానే బతికేవి ఏమిటని. పొద్దున్నే ఆరున్నరకి మా వీధిలోకి ఆకుకూరల మామ్మ వస్తుంది. రాసేటప్పుడు 'ఆకుకూర' అని రాస్తాం, ఆవిడ కేకలో ఆ మధ్య 'కు'లోని 'ఉ' మింగుడుపడిపోయి 'ఆక్కూరో...య్' అవుతుంది. ఆవిణ్ణి అడిగి నాలుగు రోజులు ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఇంట్లో రోజూ గోంగూర పప్పే, ఇంటావిడ ఏమీ అనలేదు పాపం. విన్నకొద్దీ ఒక్కోటి తెలిసింది. 'ఆ' దగ్గర గొంతు మామూలుగానే ఉంటుంది. 'క్కూ' దగ్గర రాయి పడ్డట్టు బరువు. 'రో' ఎక్కడికో సాగిపోయి వీధి మలుపు తిరుగుతుంది. తర్వాత గబగబా తోటకూర, చుక్కకూర, పాలకూర, ఊపిరి తీసుకుని 'గోంగూరా' అని మళ్ళీ సాగదీత.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను, కళ్ళ ముందు ఊహించుకో. డబుల్ క్రౌన్ కాగితం, 20×30 అంగుళాలు, నిలువుగా. పై మూల ఎక్కడో పెసర గింజంత అక్షరాలు, ఆవిడ వీధి చివర ఉన్నట్టు. కిందికి వచ్చేకొద్దీ పెరుగుతాయి. నడిమధ్యలో 'ఆక్కూరోయ్'. దానిలో క వత్తుని మామూలుగా వేసే చిన్న సైజులో వేయలేదు. పై అక్షరం కంటే మూడింతలు పెద్దగా, నల్లగా, కింది పంక్తి మీద పడిపోయేట్టు దించాను. బరువు అక్కడే ఉంది కాబట్టి. 'గోంగూరా'లో సున్నాని ఒక పెద్ద వలయం చేశాను, ఆ ముక్కులో మోత మోగేంత ఖాళీ లోపల వదిలి. చివరి దీర్ఘం కాగితం అంచు దాటి పోతుంది. తలకట్లన్నీ ఒకే వైపు వాల్చాను, నడిచేవాళ్ళ కొంగు గాలికి ఎగిరినట్టు. రంగులు రెండే, నలుపు, ఎరుపు. ఎరుపు గోంగూర కాడ రంగు.

అచ్చు దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. స్క్రీన్ ప్రింటింగ్‌కి ఇస్తే, అక్కడ ఫైలు సరిచూసే కుర్రాడు క వత్తుని చిన్నది చేసి, దీర్ఘాన్ని లోపలికి జరిపి, "తప్పులున్నాయి సార్, సరిచేశాను" అన్నాడు. మంచి మనసుతోనే చేశాడు. యాభై కాపీలు పోయాయి. ఆ రాత్రి నాకు రష్యన్ డిజైనర్ ఎల్ లిసిట్‌స్కీ గుర్తొచ్చాడు. డాడా వాళ్ళకి స్నేహితుడే గానీ దారి వేరు, గీతలూ కొలతలూ ఆయన లోకం. 1923లో రష్యన్ కవి మయకోవ్‌స్కీ కవితలు 13 తీసుకుని, పైకి చదవడానికే అని బెర్లిన్‌లో పుస్తకం చేశాడు. టెలిఫోన్ డైరీకి ఉన్నట్టు పేజీల అంచున మెట్లు మెట్లుగా కోత, ఏ కవిత కావాలంటే అది వేలితో తెరుచుకోవచ్చు. బొమ్మల్లా కనిపించేవన్నీ ప్రెస్సులో ఉండే గీతలూ అక్షరాలతో కూర్చినవే. కూర్చిన కంపోజిటర్ జర్మన్, రష్యన్ ముక్క రాదు. లిసిట్‌స్కీ ప్రతి పేజీకీ స్కెచ్ వేసి ఇచ్చాడు, అతను దాన్ని చూసి ఉన్నదున్నట్టు పేర్చాడు. భాష తెలియకపోవడం వల్ల అక్షరం చేయి దాటలేదు. మా కుర్రాడికి తెలుగు వచ్చు, చదివాడు, అందుకే దిద్దాడు. రెండోసారి అక్షరాలుగా కాకుండా మొత్తం బొమ్మగా చేసి, పక్కన కొలతలు రాసి ఇచ్చాను. అచ్చం నేననుకున్నట్టు వచ్చింది.

నువ్వు అడుగుతావని తెలుసు, ఇదంతా ఇంకా ముందే ఇటలీ కవి మారినెట్టి చేశాడు కదా అని. చేశాడు. 1913లోనే ఒకే పేజీలో మూడు నాలుగు రంగులూ, అవసరమైతే ఇరవై రకాల టైపులూ వాడతామని ప్రకటించాడు. 1914 నాటి 'జాంగ్ టుంబ్ టూమ్'లో ఫిరంగుల మోత పేజీ నిండా పేలుతుంది. పనితనానికి దండం పెడతాను. కానీ ఆయన ఆ మోతని ఆనందంగా విన్నాడురా, యుద్ధాన్ని పొగిడాడు. పేజీ మీద పెద్ద అక్షరం పెట్టే ముందు అది ఎవరి గొంతు అని చూసుకోవాలని నాకు పట్టుదల. ఆరున్నరకి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే గొంతుకి పేజీలో అంత చోటు ఇవ్వడమంటే నాకు చాలా ఇష్టం.

మొదటి మంచి కాపీ మామ్మకే ఇచ్చాను. కళ్ళజోడు లేదంటూ దూరంగా పట్టుకుని చూసి, ఆ పెద్ద వత్తు మీద వేలు పెట్టి, "ఇది నేను దమ్ము పట్టేచోటు" అంది. చదవడం రాదట. నాకు గొంతు పూడుకుపోయింది.

నీకు రెండు కాపీలు గొట్టంలో పెట్టి పంపుతున్నాను, ఒకటి మీ గదికి, ఇంకోటి ఎవరికైనా ఇవ్వు. ఈసారి సెలవులకి జర్మనీలో హానోవర్ వైపు వెళ్తే స్ప్రెంగెల్ మ్యూజియంలోకి తప్పకుండా వెళ్ళు, ష్విటర్స్ సరుకు చాలా ఉంది అక్కడ. ఆయన 'ఉర్‌సొనాటె'ని 1932లో తన పత్రికలో వేసినప్పుడు పేజీలు కూర్చింది పుస్తకాల డిజైనర్ యాన్ షిచోల్డ్. అవి గాజు పెట్టెలో కనబడితే దగ్గరగా ఫోటోలు తియ్, గీతలూ ఖాళీలూ స్పష్టంగా కనబడేట్టు. తరవాత చేయబోయేది పాత ఇనుప సామాన్ల వాడి కేక. దాని కోసం ఆ ఖాళీలు చూసి తీరాలి నేను.

ఉంటాను. చెల్లాయికి, పిల్లలకి నా ప్రేమ.

నీ బావ