‘బల్లి’ ‘బలి’ కాకూడదంటే

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

బ్రౌజరులో ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నిటినీ (బ్రౌజరుకు మనం అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను) తీసివేయడమే క్షేమమని గత ఆదివారం మీ సాంకేతిక పుటలో సలహా ఇచ్చారు. హెచ్చరిక అవసరమైనదే గాని, నాబోటి పాఠకులకు ఆ మందు రోగం కన్నా కష్టమైనది.

నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ణి, ప్రోగ్రామింగు రాదు. నేను రోజూ చూసే ఒక వార్తల సైటులో శీర్షిక పెట్టె ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా బిగించి ఉండడం వల్ల, తెలుగు అక్షరాల కింది వత్తులు దాని అంచున తెగిపోతాయి. ‘హాస్టల్ భోజనంలో బల్లి’ అన్న శీర్షిక ఒకనాడు ‘భోజనంలో బలి’గా కనిపించి నా గుండె ఆగినంత పనైంది. లోపలి వార్తలోనూ ‘రాష్ట్రం’ వత్తులు కింది వరుసలోని గుడులను రాసుకుంటూ ఉంటాయి. రెండుసార్లు ఉత్తరం రాసినా జవాబు రాకపోవడంతో, పేజీల రూపాన్ని మనకు నచ్చినట్టు మార్చుకోనిచ్చే స్టైలస్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, ఆ ఒక్క సైటుకే వర్తించేలా మూడు సూచనలు రాసుకున్నాను: వరుసల ఎత్తు అక్షర పరిమాణానికి 1.8 రెట్లు ఉండాలి, శీర్షిక పెట్టెకు ఎత్తు పరిమితి ఉండకూడదు, అక్షరాలు నోటో సాన్స్ తెలుగు ఫాంటులో రావాలి. మర్నాటి నుంచి వత్తులన్నీ చోటు చేసుకుని కూర్చున్నాయి.

ఇది దొంగచాటు పనేమీ కాదు. వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే సూచనల భాష సీఎస్ఎస్. 1996 డిసెంబరులో వెలువడిన దాని తొలి ప్రమాణమే పేజీ రూపాన్ని నిర్ణయించడంలో తయారుచేసినవారితో పాటు చదివేవారికీ భాగం ఇచ్చింది. ఇద్దరూ తమ సూచనే ముఖ్యమని పట్టుబట్టినప్పుడు చదివేవారిదే పైచేయి కావాలని 1998 నాటి రెండో ప్రమాణం తేల్చింది. పెద్ద అక్షరాలో వేరే రంగులో అవసరమైనవారిని దృష్టిలో పెట్టుకునే ఆ మార్పు చేశారు. తెలుగువారికైతే ఇది అనుభవంలో ఉన్నదే. దినపత్రికలు యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాలకు) మారకముందు ఒక్కో సైటుకు ఒక్కో సొంత ఫాంటు ఉండేది. అక్కడి వాక్యాన్ని కాపీ చేసి మరోచోట పెడితే పిచ్చిగీతలు వచ్చేవి. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. సైట్లు ఇంకా చేయని పనిని పాఠకులు తమ కంప్యూటరులోనే చేసుకున్నారు.

ప్రమాదం లేదని నేననను. స్టైలిష్ అనే ఎక్స్‌టెన్షన్ చేతులు మారాక, వాడేవారు తెరిచిన పేజీల చిరునామాలను కొత్త యజమానులకు చేరవేస్తోందని 2018లో బయటపడి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దుకాణాల నుంచి దాన్ని తొలగించారు. నేను వాడే స్టైలస్ ఆ సేకరణను వదిలించుకుని దాని నుంచి చీలి వచ్చినదే. పేజీ రూపాన్నే కాక పనితీరునూ మార్చగల చిన్న ప్రోగ్రాములైన స్క్రిప్టుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఎవరో రాసిన స్క్రిప్టును చదవకుండా, వాటిని నడిపే టాంపర్‌మంకీ అనే ఎక్స్‌టెన్షన్‌లో ఎక్కిస్తే, ఆ పేజీలో మనం చేయగలిగినదాన్ని చాలావరకు అది మన పేరు మీదే చేయగలదు; బ్యాంకు పేజీలో దాన్ని నడవనివ్వడం ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టడమే. స్క్రిప్టు పైభాగాన ‘మ్యాచ్’ అన్న వరుస ఉంటుంది. అక్కడ ఒక సైటు పేరుకు బదులు అన్ని సైట్లకూ వర్తించే నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే, నేనైతే దాని జోలికి పోను. క్రోమ్ సైతం ఇప్పుడు వేరుగా ఒక మీట నొక్కి అనుమతిస్తే తప్ప ఇలాంటి స్క్రిప్టులను నడవనివ్వడం లేదు.

అన్నీ తీసేయమనే బదులు, అనుమతిని ఒకే సైటుకు పరిమితం చేసే పద్ధతిని మీ పుటలో బొమ్మలతో సహా వివరిస్తే మేలు. ప్రకటనలను మాయం చేయడానికే వీటిని వాడతారన్న అనుమానం పత్రికలకు ఉండవచ్చు. నా మూడు సూచనల్లో ప్రకటనల ఊసే లేదు.

ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకు తావు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో ఉంది గాని, వార్త చదవడానికి కొత్త బ్రౌజరు దించుకోమని ఎందరికి చెప్పగలం? మీ సైటును కూడా ఫోనులో తెరిచి, ‘ఆస్తి పన్ను’ అన్న శీర్షికలో వత్తులు పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో ఒకసారి చూడవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి